పట్టీ కింద మూడు వరుసలు

జిరాక్స్ మాస్టారు జన్మలో ఎవరికీ పాఠం చెప్పిన మనిషి కాదు. వీధి మలుపులో ఇరవై రెండేళ్ళుగా ఫొటోకాపీల షాపు నడుపుతున్నాడు, అంతే. "ఇక్కడ సంతకం మరిచిపోయారు", "దీనికి ఇంకో కాపీ అడుగుతారు, ఇప్పుడే తీసిపెట్టుకోండి" అని కౌంటర్ అవతల నిలబడ్డవాళ్ళకు ఓపిగ్గా చెప్పీ చెప్పీ ఆ పేరు సంపాదించుకున్నాడు.

వీధిలో సగం మంది గుట్లు ఆయన మెషీన్ అద్దం మీద బోర్లా పడుకుని లేచినవే. విడాకుల కాగితాలు, రక్తపరీక్షల రిపోర్టులు, వీలునామాలు, ఉద్యోగంలోంచి తీసేస్తున్నామన్న ఉత్తరాలు. వాటిలో ఒక్కటి కూడా చదవలేదని ఆయనకు మహా గర్వం. "నా కళ్ళు కాగితంలో ఖాళీలు చూస్తాయండీ, అక్షరాలు చూడవు" అనేవాడు. ఆ మాట నమ్మే జనం నడిచి వచ్చే దూరంలో వేరే షాపు ఉన్నా, దాన్ని దాటుకుని మరీ ఈయన దగ్గరికి వచ్చేవారు. అలాంటి మనిషి చేతికి ఒకరోజు సొంత కూతురి కాగితం వచ్చింది.

కూతురికి పదహారేళ్ళు. చిన్నప్పుడు నోరు మూతపడేది కాదు కాబట్టి ఇంట్లోనూ బడిలోనూ అందరూ పిట్ట అని పిలిచేవారు. ఆ పిట్ట రెండేళ్ళుగా మాటలు తగ్గించుకుంటూ వచ్చింది. తిండి తగ్గింది, నిద్ర తగ్గింది, పోయిన ఏడాది ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చింది. ఒంటికి వచ్చిన జబ్బు కాదు, మనసుకు వచ్చింది. ఆ ఎనిమిది రోజులూ షాపులో ఎవరడిగినా మాస్టారు "వైరల్ జ్వరం" అన్నాడు. ఎనిమిది రోజుల జ్వరానికి అంత పెద్ద ఆస్పత్రి ఎందుకని అడిగిన వాళ్ళకు కాపీలు తిన్నగా రాలేదని వంక పెట్టి మళ్ళీ తీస్తూ కూర్చునేవాడు. కూతురికి జబ్బు చేసినందుకు కాదు ఆయన సిగ్గు. నలుగురూ "ఇంట్లో ఏం జరిగి ఆ పిల్ల అలా అయ్యిందో" అనుకుంటారని.

ఆస్పత్రి నుంచి వచ్చాక పిట్ట వారానికోసారి కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి వెళ్ళేది. పక్కన తల్లి ఉండేది. తల్లి రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తుంది, సెలవు పెట్టుకుని మరీ వెళ్ళేది. మాస్టారు మాత్రం షాపు వంక చెప్పి తప్పించుకునేవాడు. మూడు వారాలు కూర్చుని పిట్టా, కౌన్సెలరూ కలిసి ఒక కాగితం తయారుచేశారు. సేఫ్టీ ప్లాన్ అన్నారు దాన్ని. పిట్టకు లోపల చీకటి కమ్ముకొస్తున్నప్పుడు బయటివాళ్ళు దాన్నెలా గుర్తుపట్టాలి, ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ అందులో ఉన్నాయి. అంతా పిట్ట సొంత చేతిరాత.

ఆఖరి రోజున మాస్టారిని కూడా రమ్మన్నారు. వెళ్ళాడు. ఐదు నిమిషాలు కుర్చీ అంచున కూర్చుని, "సంతకం ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగి, చూపించిన చోట పెట్టేశాడు.

"ఈ కాగితం సొరుగులో ఉంటే పనికిరాదు. అవసరమైనప్పుడు పక్కన ఉండేవాళ్ళ చేతిలో ఉండాలి. ఎవరెవరికి ఇవ్వాలో పిట్టే చెప్పింది" అంది కౌన్సెలర్. క్లాస్ టీచర్, స్నేహితురాలి వాళ్ళమ్మ, అత్త అంటే మాస్టారి అక్క, ఇంట్లో ఒకటి, కౌన్సెలర్ దగ్గర ఒకటి. మొత్తం ఐదు కాపీలు.

"మన షాపులోనే తియ్యండి. ఇలాంటిది బయట ఎక్కడో తీయిస్తే బాగుండదు" అంది భార్య. ఆ మాటతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తన చేతిలో ఉన్నంతసేపూ ఆ కాగితం ఎవరి కంటా పడదు కదా.

మర్నాడు మధ్యాహ్నం షాపులో ఈగ కూడా లేదు. మెషీన్ వేడెక్కి సన్నగా గురకపెడుతోంది. మాస్టారు మూత ఎత్తి, కాగితాన్ని అద్దం మీద బోర్లించబోయి ఆగాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు ఆ ఒక్క క్షణం పక్కకు తప్పుకుంది. చదివాడు.

"నేను 'బానే ఉన్నా' అని ఒకసారి అంటే నిజంగా బానే ఉన్నట్టు. వెంటవెంటనే రెండుసార్లు అంటే బాగా లేనట్టు."

ఆయన పెదాల మీదికి చిన్న నవ్వు వచ్చింది. పిట్ట మాటే అది, అచ్చం.

"చల్లటి నీళ్ళలో చేతులు పెట్టుకుంటే కొంచెం నయం. మెట్ల మీద కూర్చోనివ్వండి. ప్రశ్నలు అడగొద్దు."

"చెయ్యకూడనివి: గుమ్మంలో నిలబడి గట్టిగా మాట్లాడొద్దు. 'అందరికీ లేనిది నీకే వచ్చిందా' అనొద్దు."

నవ్వు ఆగిపోయింది. ఆ ముక్క ఎవరిదో కాగితంలో రాయలేదు. రాయక్కర్లేదు కూడా, ఆ ఇంట్లో అది అనే నోరు ఒక్కటే ఉంది. మాస్టారు కిందికి చూశాడు. ఎవరికి ఫోన్ చెయ్యాలి అని గీత గీసి, దాని కింద ఫోన్ నంబర్ల కంటే పైన, మూడు వరుసలు దగ్గరదగ్గరగా రాసి ఉన్నాయి.

"మొదట అత్తకి చెయ్యండి. నాన్నకి మొదట చెయ్యొద్దు. నాన్న భయపడితే అరుస్తాడు, అరిస్తే నేను ఇంకా లోపలికి పోతాను."

తల కొట్టేసినట్టయింది. షాపులో ఎవరూ లేకపోయినా ఎవరో చూసినట్టు చటుక్కున మూత దించేశాడు. ఆ కాగితాన్ని క్లాస్ టీచర్ చదువుతుంది. స్నేహితురాలి వాళ్ళమ్మ చదువుతుంది, వాళ్ళాయనకు చెబుతుంది. ఆయన నెలకోసారి ఈ షాపుకే వచ్చి ఇదే కౌంటర్ ముందు నిలబడతాడు. "ఓహో, కూతురు పక్కన పెట్టిన తండ్రి ఇతనేనన్నమాట" అనుకుంటూ కాపీలు అందుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా వీధిలో అందరి గుట్టూ కాపాడిన మనిషి గుట్టు కన్నకూతురే రట్టు చేసింది. ఆ క్షణంలో ఆయన అనుకున్నది అదే. పిట్టకు ఏమవుతుందో అన్న ఆలోచన రాలేదు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆయనకు ఒళ్ళు చచ్చుబడేది అక్కడే.

కౌంటర్ కింద పాత బిస్కెట్ డబ్బా ఒకటి ఉంది. అందులో తెల్ల కాగితాన్ని సన్నగా కత్తిరించిన పట్టీలు ఉంటాయి. ఫారం మీద పాత అడ్రసు కనబడకూడదన్నా, ఎవరి ఫోన్ నంబరో దాచాలన్నా ఆ వరుస మీద పట్టీ పెట్టి కాపీ తీస్తే ఆ చోటు తెల్లగా వస్తుంది. ఆ పట్టీలు కత్తిరించింది కూడా పిట్టే. ఎనిమిదేళ్ళ వయసులో బడి సెలవులిచ్చినప్పుడల్లా స్టూలు మీద కూర్చుని, తన మోచేయంత కత్తెర పట్టుకుని, నాలుక పంటి కింద పెట్టి డబ్బా నిండా కత్తిరించేది. పక్కనే మాస్టారు పని చేసుకుంటుంటే ఇద్దరికీ గంటలు గంటలు మాటే అవసరమయ్యేది కాదు. పిట్ట నోరు మూసుకుని ఉన్నది ప్రపంచంలో ఆ ఒక్క చోటే.

మాస్టారు ఆ డబ్బాలోంచి రెండు పట్టీలు తీశాడు. మూడు వరుసల మీదా పరిచాడు. ఐదు కాపీలు తీశాడు. నంబర్ల పైన తెల్లగా కాస్త జాగా, దాని కింద అమ్మ నంబరు, షాపు నంబరు, కౌన్సెలర్ నంబరు. అత్త నంబరు మాత్రం మొదటి వరుసలో ఆవిడ పేరు పక్కనే ఉండి, పట్టీ కిందికి పోయింది. అది ఆయనకు తెలుసు. "అక్క ఇల్లు రెండు వీధుల అవతలేగా, అవసరమైతే నేనే చెప్పుకుంటాను" అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. ఒరిజినల్‌ని షాపు సొరుగులో అడుగున పెట్టాడు.

టీచర్‌కు ఒకటి, స్నేహితురాలి వాళ్ళమ్మకు ఒకటి కవర్లో పెట్టి ఇచ్చి వచ్చాడు. కౌన్సెలర్ బల్ల మీద మరో కవరు పెట్టి, ఆవిడ తెరిచేలోగా మెట్లు దిగేశాడు. ఇంట్లోది కవరుతో సహా అల్మరాలో పెట్టాడు. అక్కకు మాత్రం ఇవ్వలేకపోయాడు. ఆవిడ దర్జీ, గుండీ కుట్టు ఒకటి పక్కకు పోయినా పట్టేసే కళ్ళు. రెండుసార్లు అడిగింది కూడా, "పిట్ట కాగితం ఏదో ఇస్తావన్నారు, ఏదిరా?" అని. "మెషీన్ రిపేర్‌లో ఉందక్కా" అన్నాడు. పక్షం రోజులుగా రిపేర్‌లో ఉన్న మెషీన్ మీద రోజుకు ఐదొందల కాపీలు ఎలా వస్తున్నాయో ఆవిడ అడగలేదు, ఆయన అదృష్టం.

"అందరికీ ఇచ్చారా?" అని భార్య అడిగితే "ఇచ్చేశాను" అన్నాడు.

"అందరికీ ఇచ్చావా నాన్నా?" అని పిట్ట అడిగింది, చెప్పుల దగ్గర నిలబడి.

"ఇచ్చేశా తల్లీ."

"నువ్వు చదివావా?"

"నేనెవరి కాగితాలూ చదవనుగా!" అని నవ్వాడు.

పిట్ట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. మొహం కాస్త వాడినట్టు అనిపించింది ఆయనకు. గండం గడిచిందనుకుని కాఫీ తాగడానికి కూర్చున్నాడు.

మూడో వారం మంగళవారం, పదకొండు గంటలప్పుడు షాపు ఫోన్ మోగింది. క్లాస్ టీచర్. లెక్కలు చెప్పే మనిషి, చెప్పింది చెప్పినట్టు చేసే రకం.

"పిట్ట నాలుగో పీరియడ్‌లో 'బానే ఉన్నా, బానే ఉన్నా' అందండీ. కాగితంలో ఉన్నట్టే మెట్ల దగ్గర కూర్చోబెట్టాను, నీళ్ళిచ్చాను. వాళ్ళమ్మగారికి చేస్తే తియ్యడం లేదు. తర్వాతి నంబరు మీదే ఉంది."

ల్యాబ్‌లో ఉన్నంతసేపూ భార్య ఫోను లాకర్లో ఉంటుంది. రెండింటి దాకా తియ్యదు. అందుకే పిట్ట మొదట అత్త పేరు రాసింది. ఆ సంగతి మాస్టారికి షాపు షట్టరు సగం దించుతుండగా తట్టింది. తట్టినా ఆగలేదు, పరిగెత్తాడు. ఆటోలో కూర్చున్నంతసేపూ పోయిన ఏడాది ఆస్పత్రి వరండా కళ్ళ ముందు ఆడింది. ఏం మాట్లాడాలో, ఎలా మాట్లాడాలో కాగితంలో రాసి ఉంది, ఆయన చదివాడు కూడా. ఒక్క ముక్క గుర్తు రాలేదు.

మెట్ల గది గుమ్మంలో నిలబడ్డాడు. పిట్ట మూడో మెట్టు మీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. అరిచాడు.

"ఏమైందే నీకు? మళ్ళీ ఏమైంది? అందరికీ లేనిది నీకే వచ్చిందా?"

టీచర్ చేతిలో కాగితం ఉంది. ఆవిడ కాగితం వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మళ్ళీ కాగితం వైపు చూసింది. ఆ చూపుకు మాస్టారు నాలుక కరుచుకున్నాడు గానీ, అన్న మాట వెనక్కి వస్తుందా? పిట్ట లేచి, ఎవరి మొహమూ చూడకుండా నడిచి, వరండా చివర ఉన్న బాత్రూంలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది.

టీచర్ తలుపు దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడుతూనే ఉంది. కౌన్సెలర్‌కు కూడా చేసింది. ఆవిడ వేరే ఊళ్ళో ఉంది, రావడానికి గంటన్నర పడుతుందంది. "కాగితంలో మొదట రాసిన మనిషిని వెంటనే పిలవండి" అంది.

"ఇంకెవరైనా ఉన్నారా అండీ?" అని టీచర్ ఆయన్ని అడిగింది. "ఇందులో మొదట ఉన్నది అమ్మగారే, ఆవిడ తియ్యడం లేదు. ఇంకో పేరు లేదు."

మాస్టారు నీళ్ళు నమిలాడు. ఉంది అంటే ఎక్కడుందని అడుగుతుంది. కాగితంలో ఉందంటే ఏదీ చూపించమంటుంది. లోపల సొంత కూతురు గొళ్ళెం పెట్టుకుని ఉంది, బయట ఈ పెద్దమనిషి తన పరువు ఏ మూల కుదురుతుందో లెక్క చూసుకుంటున్నాడు. వరండాలో గడియారం ముల్లు ఆరు నిమిషాలు జరిగింది.

లోపలి నుంచి పిట్ట గొంతు వినబడింది. "బానే ఉన్నా." కొంచెం ఆగి, ఇంకా సన్నగా, "బానే ఉన్నా."

ఆ రెండోసారికి మాస్టారు కదిలాడు. వరండా చివరికి వెళ్ళి అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, స్కూలుకి రా. ఇప్పుడే రా. ఎందుకని అడక్కు."

ఆవిడ మెడలో కొలత టేపుతోనే వచ్చింది. తమ్ముడిని దాటుకుని వెళ్ళి, బాత్రూం తలుపు పక్కన గచ్చు మీద చతికిలబడింది.

"పిట్టా, నేనే. ఇక్కడే కూర్చున్నా. నువ్వేం చెప్పక్కర్లేదు. మోకాళ్ళు పట్టేశాయి కాబట్టి ఇప్పట్లో లేవలేను కూడా."

పావుగంట గడిచింది. తర్వాత గొళ్ళెం తీసిన చప్పుడైంది. పిట్ట వచ్చి అత్త పక్కన కూర్చుని, ఆవిడ మెడలో టేపు కొస పట్టుకుంది. ఒంటికి ఏమీ కాలేదు. మాస్టారు గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"నీకు ముందే ఎందుకు చెయ్యలేదత్తా? మొదట నీకే చెయ్యమని రాశాగా" అంది పిట్ట.

"నాకు కాగితమే రాలేదమ్మా. మీ నాన్న మెషీన్ రిపేర్‌లో ఉందట."

"ఇందులో అత్తగారి పేరే లేదమ్మా" అంటూ టీచర్ తన కాపీ అందించింది.

పిట్ట దాన్ని తీసుకుంది. నంబర్ల పైన ఉన్న తెల్ల జాగా దగ్గర వేలు ఆగింది. పట్టీ పెట్టి కాపీ తీసినప్పుడు దాని అంచు చోట వెంట్రుకంత సన్నటి బూడిదరంగు గీత పడుతుంది. మామూలు కళ్ళకు ఆనదు. షాపులో పెరిగిన కళ్ళకు ఆనుతుంది. కాపీ కాస్త లేతగా తీస్తే ఆ గీత రాదు, ఆ సంగతి పిట్టకు నేర్పింది మాస్టారే. ఆ రోజు తొందరలో ఆయనే మరిచిపోయాడు.

"పట్టీ వేశావా నాన్నా?" అంది.

కోపంగా అంటే బాగుండేది. ఏడ్చినా బాగుండేది. సామాను ఎక్కడుందని అడిగినట్టు అడిగింది. టీచర్‌కు అర్థం కాలేదు, అక్కకు అర్థమైంది. మాస్టారు తలాడించాడు. అక్కడ వరండాలో నేల చీలి తనను లోపలికి తీసుకుపోతే బాగుండుననిపించింది, నేల మాత్రం గట్టిగానే ఉంది.

సాయంత్రం భార్య షాపుకు వచ్చి, సొరుగు లాగి, ఒరిజినల్ తీసుకుంది. అక్కడే నిలబడి పై నుంచి కింది దాకా చదివింది.

"ఇది చదివే పట్టీ వేశారా?"

"చదివే వేశాను."

"మొత్తం చదివారా?"

"మొత్తం చదివాను."

ఆవిడ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. "ఇంత చదివి కూడా వేశారంటే మీకో దండం" అని రెండు చేతులూ జోడించి, కాగితం బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ మాటలో ఇంకా ఏదో ఉందని ఆయనకు అనిపించింది. అడిగే మొహం ఎక్కడుంది?

ఆ వారం కౌన్సెలర్ ఎదురుగా మాస్టారు ఐదు నిమిషాలు కాదు, గంటసేపు కూర్చున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆరు నిమిషాల సంగతి కూడా చెప్పాడు. అది చెప్పేటప్పుడు పిట్ట పక్కనే ఉంది, కిటికీలోంచి బయటకు చూస్తోంది.

"సిగ్గేసిందండీ" అన్నాడు చివరకు.

"సిగ్గు ఎవరికైనా వేస్తుంది. కానీ ఆ కాగితం మీది కాదు" అంది కౌన్సెలర్. ఆవిడ తన కాపీ కూడా తీసి బల్ల మీద పెట్టింది. "నేనూ నా కవరు విప్పి సరిచూసుకుని ఉండాల్సింది, అది నా తప్పు. పట్టీ వేసిన కాపీలు మీరే వెళ్ళి వెనక్కి తీసుకోండి. ఎందుకో చెప్పి తీసుకోండి. కొత్తవి ఎప్పుడివ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో పిట్ట చెబుతుంది."

వెళ్ళాడు. టీచర్‌కు జరిగింది చెప్పాడు. ఆవిడ "సరేనండీ" అని కాగితం ఇచ్చేసింది. ఆ సరేను మోసుకుంటూ వీధి వీధంతా నడిచాడు. స్నేహితురాలి వాళ్ళమ్మ కాగితాన్ని అల్మరా తలుపు లోపలి వైపు అతికించుకుంది. చెక్క మీది నుంచి జాగ్రత్తగా ఊడదీస్తూ, "మా దానికీ ఇలాంటిది ఒకటి రాయించాలనుకుంటున్నామండీ. మీరు చేయించారని తెలిశాక ధైర్యం వచ్చింది" అంది. తిడుతుందని సిద్ధపడి వెళ్ళిన మనిషికి ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. అక్క మాత్రం ఏ లోటూ చెయ్యలేదు, కుట్టుమిషన్ ఆపి మరీ తిట్టింది.

"నా పేరు మీద పట్టీ వేస్తావురా? చిన్నప్పుడు నువ్వు భయమేసి నా కొంగు వెనక దాక్కున్నప్పుడు నేనెవరికైనా చెప్పానా?"

"చెప్పలేదక్కా."

"మరి? అదే కొంగు పిల్లకి కావాలంటే నీకేం నొప్పి?"

ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. ఆవిడ తిట్టినంతసేపూ కాస్త తేలిగ్గా ఉంది, ఆపాక మళ్ళీ బరువెక్కింది.

ఇంట్లో పిట్ట ఆయనతో మాట్లాడకపోలేదు. "నీళ్ళు పట్టు", "తలుపు వెయ్యి", అవసరమైనంత మాట్లాడేది. ఆయన రోజూ "ఎలా ఉన్నావు తల్లీ?" అని అడిగేవాడు, గుమ్మంలోంచి కాదు, దగ్గరికి వెళ్ళి, మెల్లగా. "బానే ఉన్నా" అనేది. అన్నాక ఆయన ఊపిరి బిగబట్టి నిలబడేవాడు, రెండోసారి అంటుందేమోనని. అనకపోతే అప్పుడు కదిలేవాడు.

పదిహేను రోజుల తర్వాత, బడి వదిలాక, పిట్ట షాపుకు వచ్చింది. రెండేళ్ళయింది అక్కడ అడుగుపెట్టి. కౌంటర్ తలుపు ఎత్తి లోపలికి వచ్చి, బ్యాగులోంచి కాగితం తీసింది.

"నాన్నా, నువ్వు అటు వెళ్ళి నిలబడు."

"ఎటు?"

"కస్టమర్లు నిలబడే వైపు."

వెళ్ళి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళలో తన షాపును ఆ వైపు నుంచి అంతసేపు చూడటం అదే మొదలు. వెనక ఎవరో పెద్దాయన పెన్షన్ ఫారం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పిట్ట మూత ఎత్తింది, కాగితం బోర్లించింది, మూత దించి అరచేత్తో నొక్కింది. ఆయన నేర్పినట్టే. ఐదు కాపీలు వచ్చాయి. ఒక్కొక్క కాపీనీ ఒరిజినల్ పక్కన పెట్టి, వేలితో వరుస వరుసా సరిచూసింది. మాస్టారు కళ్ళు దించుకున్నాడు. కన్నతండ్రి పనిని కన్నకూతురు అలా సరిచూసుకోవలసి రావడం కంటే శిక్ష వేరే ఏముంటుంది?

ఆఖరి కాపీ తీసి కౌంటర్ మీదుగా ఆయన ముందు పెట్టింది.

"కొత్తది రాశావా?" అని అడిగాడు.

"పాతదే. అడుగున ఒక్క లైను కలిపాను. చదువు."

"తర్వాత చదువుతానులే, ఆయన ఎదురుచూస్తున్నారు..."

"ఇప్పుడే చదువు నాన్నా. పైకి చదువు. ఫోన్ నంబర్ల పైన ఉన్నది."

పెద్దాయన వింటున్నాడు. వింటే వినుగాక. మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు.

"మొదట అత్తకి చెయ్యండి. నాన్నకి మొదట చెయ్యొద్దు. నాన్న భయపడితే అరుస్తాడు, అరిస్తే నేను ఇంకా లోపలికి పోతాను." కాగితం దించేశాడు. "నిజమే తల్లీ. నువ్వు రాసింది అక్షరాలా నిజమే."

"ఆగావేం? ఇంకో వరుసుంది."

"ఏ వరుస?"

"మూడోది."

ఆయన మళ్ళీ కాగితం ఎత్తాడు. మూడోది ఉంది. అదే పెన్ను, అదే ఒత్తిడి, పై రెండు వరుసలకు ఆనుకుని.

"కానీ నాన్న రావాలి. ఏం మాట్లాడక్కర్లేదు. షాపులో కూర్చున్నట్టు నా పక్కన కూర్చుంటే చాలు."

పైకి చదవడం మొదలుపెట్టినవాడు 'రావాలి' దగ్గర ఆగిపోయాడు. మిగతాది పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు.

"ఇది... ఇప్పుడు కలిపావా?"

"లేదు. మొదటి రోజు నుంచీ ఉంది" అంది పిట్ట. అడుగున వేలు పెట్టి చూపించింది. "కలిపింది ఇది."

అడుగున వేరే రంగు ఇంకుతో ఒకే ఒక్క వాక్యం ఉంది. "ఈ కాగితం కాపీలు ఎప్పుడైనా నేనే తీస్తాను."

ఆ మధ్యాహ్నం మెషీన్ ముందు నిలబడి రెండు వరుసలు చదివి, ఒంటికి నిప్పంటుకున్నట్టు మూత దించేసిన తన చెయ్యి ఆయనకు కనబడింది. మూడో వరుస దాకా కళ్ళు వెళ్ళనే లేదు. చదివావా అని కూతురు అడిగింది, భార్య రెండుసార్లు అడిగింది. టీచర్ కంటా, స్నేహితురాలి వాళ్ళమ్మ కంటా పడకూడదని కప్పేసిన చోటే పిట్ట ఆయన్ని రమ్మని పిలిచింది. ఆ పిలుపు మీద పట్టీ పరిచి, పైన అరచేత్తో నొక్కి మరీ కాపీలు తీశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, ఎంత తుడిచినా తేమ పోలేదు.

"మాస్టారూ, నా ఫారం కాస్త చూస్తారా?" అన్నాడు పెద్దాయన, మొహమాటంగా.

మాస్టారు కదల్లేకపోయాడు. పిట్టే కౌంటర్ మీదుగా చెయ్యి చాపింది. "ఇటివ్వండి తాతగారూ. ఎన్ని కాపీలు?"

"రెండమ్మా."

ఆమె మూత ఎత్తి ఫారం బోర్లించింది. మాస్టారు కౌంటర్ తలుపు ఎత్తుకుని లోపలికి వచ్చి, మెషీన్ పక్కన ఉన్న పాత స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. పిట్ట ఆయన వైపు చూడలేదు, లేచి అవతలికి వెళ్ళమని కూడా అనలేదు.